పొట్ట కొవ్వు దాచుకుంటే మోకాళ్లకు పనికొస్తుందా?

ప్రశ్న: నా వయసు 56. మాది అనంతపురం జిల్లా గుత్తి. షుగర్ ఉంది. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగాలంటే భయం. బెంగళూరులో ఒక క్లినిక్‌ వాళ్లు పొట్ట కొవ్వు తీసి, అందులోని మూలకణాలు (వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) నిల్వ చేసి, తర్వాత మోకాళ్లలోకి ఎక్కిస్తామంటున్నారు. ఆపరేషన్ తప్పుతుందట. గాజులు తాకట్టు పెట్టి చేయించుకోమంటారా?

జవాబు: గాజులు మీ చేతికే ఉండనివ్వండి. వాళ్లు చెప్పినదంతా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. కొవ్వులో మూలకణాలు ఉన్నాయని 2001లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. సన్నని గొట్టంతో కొవ్వు లాగి, ఎంజైముతో కరిగించి ఆ కణాలను వేరుచేస్తారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచవచ్చు కూడా. అయితే మోకాలిలోకి వెళ్లిన కణాలు కొత్త మృదులాస్థిగా, అంటే కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొరగా, మారిపోవు. అవి విడుదల చేసే రసాయనాల వల్ల వాపు, నొప్పి కొంత తగ్గవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. ఆపరేషన్ తప్పుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక నిల్వ సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో బొడ్డుతాడు రక్తాన్ని దాచే బ్యాంకులకే అనుమతి ఉంది, కొవ్వును దాచే వాటికి లేదు. కొవ్వు కణాలను మోకాళ్లకు వాడటం క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషులపై చేసే వైద్య పరిశోధనలోనే) జరగాలి. అది ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, పాల్గొనేవారి నుంచి డబ్బు తీసుకోకూడదు. మోకాళ్ల అరుగుదలకు 2022లో అనుమతి పొందిన మూలకణాల మందు ఒకటుంది కానీ, అది దాతల ఎముక మజ్జ నుంచి చేసినది. దాన్ని చూపించి మీ కొవ్వుకు బేరం పెడితే నమ్మకండి. ఫ్లోరిడాలో ఇలాగే పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్లలోకి ఎక్కించిన ముగ్గురు మహిళల చూపు దెబ్బతిన్నదని 2017లో వైద్య పత్రికలో వచ్చింది. మోకాలు కన్ను కాదు, నిజమే. కానీ షుగర్ ఉన్న మీకు కీలులో ఇన్ఫెక్షన్ భయం తక్కువేమీ కాదు.

అయినా పొట్ట దగ్గరి కొవ్వు ఎక్కడికి పోతుంది? దాన్ని దాచడం కంటే తగ్గించడం మేలు. కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామాలు నేర్చుకుని రోజూ చేయండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకండి, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి చేటు.

ముందుగా ఎముకల డాక్టరుకు చూపించి, నిలబడి ఉండగా మోకాళ్ల ఎక్స్-రే తీయించుకోండి. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష కూడా చేయించండి. మీ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు చాలా ఉన్నాయి, ఆ నీళ్ల వల్ల కూడా కీళ్లు పట్టేస్తాయి. నడుము, మెడ కూడా బిగుసుకుపోతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి, తాగే నీటిని పరీక్షకు ఇవ్వండి. మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.