చందా 45 డాలర్లే, అసలు గండం ఖాళీ ఖాతా

ప్రశ్న: అమెరికాలో, న్యూజెర్సీలోని ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సుగా చేరి మూడు వారాలైంది. 30 రోజుల్లో యూనియన్‌లో చేరాలని కాగితం చేతికిచ్చారు. ప్రవేశ రుసుము 300 డాలర్లు, తర్వాత ప్రతి జీతంలో 45. నా దగ్గర ఉన్నది 400. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసి కట్టేయనా? అసలు చేరక తప్పదా? రెండు వారాలకోసారి చేతికి 2,250 వస్తుంది. నెలకు అద్దె 1,600, కారు లోను 620, ఇంటికి పంపేది 1,000, మిగతా ఖర్చులు 700.

సమాధానం: కార్డు జోలికి వెళ్లొద్దమ్మా. కార్డుతో సరుకులు కొంటే బిల్లు కట్టడానికి వడ్డీ లేని గడువుంటుంది. క్యాష్‌కి అది ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. 300 కోసం ఒకసారి తీసినవాళ్లు తర్వాత అద్దెకీ తీస్తారు. దానికి బదులు యూనియన్ రెప్‌ని కలిసి, రుసుమును నాలుగు జీతాల్లో 75 చొప్పున కోయమని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇక చేరడం సంగతి. టెక్సస్, ఫ్లోరిడాల్లో అయితే డబ్బు కట్టమని బలవంతం చేయలేరు, న్యూజెర్సీ ప్రైవేటు హాస్పిటల్లో చేయొచ్చు. అయితే చట్టం దృష్టిలో ‘సభ్యత్వం’ అంటే డబ్బు కట్టడం వరకే. సభ్యులు కాకుండా ఉండొచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఇచ్చిన బెక్ తీర్పు ప్రకారం రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, బేరసారాలకూ ప్రాతినిధ్యానికీ అయ్యే వాటా మాత్రమే కడతారు. కానీ అప్పుడు సమ్మె మీదా ఒప్పందం మీదా ఓటు పోతుంది. మిగిలే ఆ కాస్త డబ్బు కోసం ఓటు వదులుకోవడం నాకు నచ్చదు. చందాను జీతంలోంచి పట్టుకోవడానికి సంతకం చేయకపోతే బిల్లు మీకే వస్తుంది. అది కట్టకుండా వదిలేస్తే ఉద్యోగమే పోవచ్చు. సంతకం చేసేముందు, ఏడాదిదాకా వెనక్కి తీసుకోలేని షరతు ఉందేమో చూసుకోండి.

మీలాంటి ఉత్తరాలన్నింటిలో కనిపించే పొరపాటు ఒకటే. యూనియన్ ఉంది కదా, ఉద్యోగానికి ఢోకా లేదు అనుకుని అత్యవసర నిధి మాటే ఎత్తరు. ప్రొబేషన్‌లో తీసేస్తే చాలా ఒప్పందాల్లో ఫిర్యాదుకు కూడా వీలుండదు. సమ్మె వస్తే యూనియన్ హాస్పిటల్‌కు 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీ చేతిలో ఉండే వ్యవధి కూడా అంతే. మొదటి రోజు నుంచే జీతం ఆగుతుంది. మీ న్యూజెర్సీలోనే, న్యూ బ్రన్స్‌విక్‌లో 2023 ఆగస్టు 4న సమ్మెకు దిగిన దాదాపు 1,700 మంది నర్సులు నాలుగు నెలలు బయటే ఉన్నారు. సమ్మెలో హాస్పిటల్ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా ఆగిపోవచ్చు. కోబ్రా అనే చట్టం కింద అదే బీమాను సొంత డబ్బుతో కొనసాగించుకోవాలంటే ఎంచుకోవడానికి 60 రోజులుంటాయి, ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. కానీ హాస్పిటల్ వాటాతో కలిపి 102 శాతం దాకా ప్రీమియం మీరే కట్టాలి.

అందుకని అత్యవసర నిధికి మామూలుగా చెప్పే మూడు నెలల ఖర్చుల లెక్క మీకు సరిపోదు. ఇంటికి పంపేది పక్కన పెడితే మీ కనీస ఖర్చు 2,920. నాలుగు నెలలకు 11,680, ఆపైన కోబ్రా ప్రీమియం. రెండు జీతాలతో గడిపే నెలలో చందా పోను మీకు 490 మిగులుతుంది, ఏడాదికి 5,880. ఏడాదిలో జీతాలు 26, అంటే రెండు నెలల్లో మూడో జీతం పడుతుంది. ఖర్చులన్నీ రెండు జీతాల్లోనే సర్దుతున్నారు కాబట్టి ఆ అదనపు 2,205 ముట్టుకోకుండా రెండుసార్లూ విడి సేవింగ్స్ ఖాతాలో వేయండి. ప్రవేశ రుసుము పోను మొదటి ఏడాదే 10,000 దగ్గరికి చేరతారు. 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతాలో హాస్పిటల్ కలిపే వాటా వచ్చేంతవరకే వేయండి. షేర్లు, ఊళ్లో స్థలం ఆలోచనలు తర్వాత.

సమ్మె వస్తే ఆ 1,000 పంపలేనని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. ఈ వారంలోనే ఒప్పందం కాపీ తెప్పించుకుని మూడు చూడండి: ప్రొబేషన్ ఎన్ని రోజులు, ఒప్పందం ముగిసే తేదీ ఎప్పుడు, యూనియన్‌కు సమ్మె నిధి ఉందా. ఆ ముగిసే తేదీకల్లా మీ ఖాతాలో 11,680 ఉండాలి.