కుండీల్లో ఐరిస్ పూయలేదు, దుంప కుళ్లుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. పోయిన నవంబరులో ఉత్తరాది నుంచి బియర్డెడ్ ఐరిస్ (కింది రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే పూల మొక్క) దుంపలు తెప్పించి, 18 అంగుళాల సిమెంటు కుండీల్లో మూడేసి చొప్పున రెండు అంగుళాల లోతున నాటాం. ఆకు బాగా వచ్చింది, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఇప్పుడు వానలకు ఆకులు పట్టుకుంటే మొదలుతో సహా ఊడి వస్తున్నాయి. కుండీలు ఆరుబయటే ఉన్నాయి.
– ఒక నర్సరీ రైతు

జవాబు: పసుపు, అల్లం నాటిన అలవాటుతో దుంపను లోపలికి పెట్టేశారు. బియర్డెడ్ ఐరిస్‌కు అది పడదు. వేళ్లు మట్టిలో ఉండాలి, దుంప వీపు ఎండకు కనపడుతూ ఉండాలి.

ఒక దుంప తీసి బొటనవేలితో నొక్కి చూడండి. వేలు దిగబడి, లోపలి గుజ్జు గంజిలా జారి, ముక్కు మూసుకునేంత కంపు కొడితే అది బాక్టీరియా కుళ్లు. పసుపు దుంపకుళ్లుకు వాడే శిలీంద్రనాశినుల్లో చాలావరకు దీనికి పనిచేయవు. గట్టి కండ తగిలేదాకా చెంచాతో గీకేయండి. దుంప దుంపకీ చెంచాను స్పిరిట్‌తో తుడవండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి అరగంట ముంచి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి కొత్త మట్టిలో నాటండి. పాత మట్టి మళ్లీ వాడొద్దు.

ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అర పాలు చాలు. యూరియా వేయొద్దు, ఆకుతో పాటు కుళ్లూ పెరుగుతుంది. అడుగున కంకర పరిచినంత మాత్రాన నీరు దిగదు, మట్టే గుల్లగా ఉండాలి. కుండీలను ఇటుకల మీదికి ఎక్కించండి.

ఇక పూత సంగతి. ఇంత శ్రమపడ్డారు కాబట్టి ఉన్నమాట చెప్పాలి. ఈ రకాల్లో ఎక్కువ వాటికి కొన్ని వారాల గట్టి చలి తగిలితేనే మొగ్గ కడుతుంది. అంత చలి ఉండబట్టే కాశ్మీరులో సమాధుల మీద కూడా ఐరిస్‌లు విరగబూస్తాయి. గోదావరి జిల్లాల చలికాలం మొగ్గ కట్టడానికి చాలదు. దుంపలు బతికినా పూత మీద ఆశ పెట్టుకోకండి. మన దగ్గర పూస్తుందని చెప్పి మాత్రం ఎవరికీ అమ్మకండి. ఒక్కసారి నమ్మకం పోతే కొనేవాళ్లు మళ్లీ రారు.

మీ పెద్ద కుండీలకు లూసియానా ఐరిస్ ప్రయత్నించదగ్గది. అమెరికా దక్షిణ తీరపు చిత్తడి నేలల మొక్క. వేడినీ, నిలిచిన నీటినీ ఓర్చుకుంటుంది. రంధ్రం లేని తొట్టిలో బురదగా ఉంచినా పెరుగుతుంది. దీని దుంపను మాత్రం పలుచగా మట్టితో కప్పాలి. సున్నం మట్టి గిట్టదు కాబట్టి కొత్త సిమెంటు తొట్టి అయితే కొన్నిసార్లు నీళ్లు నింపి పారబోశాకే నాటండి. నీడ నెట్ కింద అయితే వాకింగ్ ఐరిస్ పెట్టుకోవచ్చు. పువ్వు ఒక్కరోజే నిలుస్తుంది కానీ, పూకాడ కొసన పిలక పుట్టి, కాడ వంగి నేలను తాకిన చోట వేరు పట్టేస్తుంది. నర్సరీకి ఆ పిలకలే పెట్టుబడి.

ముందు రెండు తొట్లలోనే పెట్టి, ఒక ఏడాది పూత చూశాక మిగతావి నింపండి.