మలంలో రక్తం పడుతుంటే ప్రోబయోటిక్ చాలదు

ప్రశ్న: నా వయసు 34. రెండు నెలలుగా విరేచనాలు. అప్పుడప్పుడు రక్తపు చారలు కనిపిస్తున్నాయి. మెడికల్ షాపులో అడిగి ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలు రెండు రోజులు వేసుకుంటే తగ్గి, మళ్లీ మొదలవుతున్నాయి. మంచి బ్యాక్టీరియా విషపు ప్రొటీన్లతో చెడు బ్యాక్టీరియాను చంపుతుందని చదివాను. ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వాడితే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు చదివింది నిజమే. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు కొలిసిన్లనే ప్రొటీన్లు వదిలి, తమకు దగ్గరి రకాలనే చంపుతాయి. 1925లోనే బెల్జియం శాస్త్రవేత్త ఆంద్రే గ్రాషియా దీన్ని గుర్తించారు. మరికొన్ని పక్కనున్న కణానికి ఆనుకుని, సూదితో పొడిచినట్టు విషాన్ని నేరుగా లోపలికి దించుతాయి. తమ విషం తమకే తగలకుండా విరుగుడు ప్రొటీన్ కూడా తయారు చేసుకుంటాయి. కానీ ఈ ఆయుధం మంచివాటి దగ్గరే ఉండదు. కలరా క్రిమికీ ఉంది. అది పక్క బ్యాక్టీరియాను చంపి, బయటపడ్డ డీఎన్ఏను కూడా తీసుకోగలదు.

నాకు ఆందోళన కలిగిస్తున్నది మీ మలంలో రక్తం. రెండు నెలలు ఆగాల్సింది కాదు. పైల్స్ కావచ్చు, అమీబియాసిస్ (అమీబా వల్ల వచ్చే పేగు ఇన్ఫెక్షన్) కావచ్చు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు), పేగు టీబీ లాంటివీ కావచ్చు. చూడకుండా ఏదీ చెప్పలేను. ఏ ప్రోబయోటిక్ కూడా వీటికి చికిత్స కాదు.

ఇక ఆ యాంటీబయోటిక్ మాత్రల సంగతి. దయచేసి ఇలా సొంతంగా వాడకండి. ఆఫ్లాక్సాసిన్‌కు మంచీ చెడూ తేడా తెలియదు. మీకు కాపలా కాసే బ్యాక్టీరియా చచ్చి ఖాళీ ఏర్పడితే, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ లాంటి చెడు బ్యాక్టీరియా అక్కడ పెరిగి, విరేచనాలు ఇంకా ముదరవచ్చు. షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారు చేసే ఈ.కోలై ఉన్నవాళ్లలో ఈ తరహా మందులు ఆ విషాన్ని పెంచి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. రెండు రోజుల్లో తగ్గినట్టు అనిపించడం వల్ల అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతోంది, అంతే. రక్తం పడుతున్నప్పుడు విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్ర కూడా వద్దు.

ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. మల పరీక్ష, కల్చర్ (మలంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటం), సీబీపీ అనే రక్త పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూడటం) చేయిస్తారు. అప్పటిదాకా ఓఆర్ఎస్ తాగండి, పడితే పెరుగు తినండి. జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. శాంపిల్ ఇచ్చేలోపు కొత్త యాంటీబయోటిక్ మొదలుపెట్టకండి, కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు మాత్రం డాక్టరుకు తప్పకుండా చూపించండి.