క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ ఒంటి జబ్బా, మనసు జబ్బా? రోజూ నడిస్తే తగ్గుతుందా?

ఒంటి జబ్బే. నెలల తరబడి వదలని నీరసం ఇది, ఎంఈ అని కూడా అంటారు. నడిస్తే తగ్గదు, నాలాంటి వాళ్లకు ఇంకా ముదురుతుంది.

ప్రశ్న అడిగినావిడ తన చెల్లెలికి డెంగీ తగ్గి ఏడాది దాటినా మంచం దిగలేకపోతోందనీ, ఒక డాక్టరు రెస్టు తీసుకోమంటే ఇంకో డాక్టరు వ్యాయామం చేయమంటున్నారనీ రాశారు. నాకూ డెంగీ తర్వాతే పట్టుకుంది. ప్లేట్‌లెట్లు పెరిగాయి, జ్వరం పోయింది, డిశ్చార్జి చేసి పంపేశారు. నీరసం మాత్రం నాతోపాటు ఇంటికొచ్చి ఉండిపోయింది. అందుకని నా ఒంటి మీద చూసిందే చెప్తాను. మధ్యలో కాస్త కోపం కూడా వస్తుంది, ఏమనుకోకండి.

అప్పుడు మేం వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్లం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. థైరాయిడ్, షుగరు, బి12, ఈసీజీ, చేయించని పరీక్ష లేదు. అన్నీ నార్మలే. రిపోర్టులు తిరగేసిన డాక్టరు గారు నన్ను వదిలేసి మా ఆయన్ని అడిగారు, "ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా?" అని. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను! మా ఆయన పాపం, "ఏం లేవండీ" అన్నాడు. "అయితే రోజూ పొద్దున్నే బీచికి తీసుకెళ్లి నడిపించండి, వారం వారం ఐదేసి నిమిషాలు పెంచండి" అన్నారు.

సరేనని వెళ్లాం. వైజాగ్ వాళ్లకు తెలుసు కదా, పొద్దున్న పూట ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, ఊరంతా అక్కడే నడుస్తుంటుంది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దాకా వెళ్లి వచ్చాం. గాలి చల్లగా తగులుతోంది. ఒడ్డున బండి దగ్గర రాగి జావ తాగాం. "చూశావా, మొహంలోకి కళొచ్చింది" అన్నాడు మా ఆయన. నిజంగానే బాగుంది. ఆ సాయంత్రం మా వాడి చేత హోంవర్కు కూడా చేయించాను.

మర్నాడు మధ్యాహ్నం జడ వేసుకుంటున్నాను. మూడు పాయలూ తీసి సగం అల్లేసరికి చేతులు పైన నిలవలేదు, వాటంతటవే ఒళ్లోకి జారిపోయాయి. మళ్లీ ఎత్తబోతే మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఆ సగం జడతోనే మంచం మీద వాలిపోయాను. గొంతు నొప్పి, మెడ కింద బిళ్లలు కట్టాయి, థర్మామీటరు పెడితే జ్వరం లేదు. కుక్కర్ విజిల్ వినలేక స్టవ్ కట్టేయమన్నాను. మా వాడు ఎక్కం అప్పజెప్పడానికి వచ్చాడు. ఏడెనిమిదులు ఎంతో నాకు తట్టలేదు. లెక్కల టీచర్ని! అత్తయ్య వచ్చి ఆ జడ పూర్తి చేస్తూ, "నిన్న బీచిలో అంత చలాకీగా నడిసేవంట, ఇయ్యాలేటమ్మా ఇది?" అంది.

అత్తయ్య ఊరికే అడిగిన ఆ మాటలోనే జబ్బంతా ఉందని నా నమ్మకం. ఇది అలసట కాదు, మర్నాటి జబ్బు. కిరాణా కొట్లో అరువు లాంటిది, సరుకు ఇవాళ చేతికొస్తుంది, చీటీ రేపు వడ్డీతో వస్తుంది. వాడుకునేటప్పుడు ఏమీ తెలియదు. అసలు గొడవ ఏమిటంటే, డాక్టర్లకు ఆ రేపు ఎప్పుడూ కనపడదు. మెట్లు దిగగలిగిన రోజునే కదా మనం ఆస్పత్రికి వెళ్లేది! కుర్చీలో కూర్చుని స్పష్టంగా మాట్లాడే మనిషిని చూసి "మీకేం జబ్బు లేదమ్మా" అంటారు. దిగలేని రోజు మంచం మీద ఉన్నదాన్ని చూసేది ఇంట్లోవాళ్లే.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్లో ఇలాంటి జబ్బే పాకింది. పడింది రోగులు కాదు, ఎక్కువగా అక్కడి సిబ్బందే, 292 మంది. జులైలో మూసిన ఆస్పత్రి అక్టోబరులో గానీ తెరవలేదు. పదిహేనేళ్లు పోయాక, 1970లో, మెకెవెడీ, బేర్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కేసు కాగితాలు చదివి అదంతా సామూహిక హిస్టీరియా అని రాసేశారు. ఆ జబ్బు పడ్డవాళ్లలో ఒక్కరితోనైనా కూర్చుని మాట్లాడింది లేదు. వాళ్లు చూపించిన కారణాల్లో ఒకటి, ఆడవాళ్లకు ఎక్కువగా రావడం! ఆ వ్యాసం సంగతి తెలిశాక మా డాక్టరు గారి "టెన్షన్లు" ఎక్కణ్నుంచి దిగాయో అర్థమైంది.

ఇక నడక సంగతి. మెల్లమెల్లగా వ్యాయామం పెంచితే తగ్గుతుందనే మాటకు పెద్ద అండ 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేస్ అనే బ్రిటిష్ ట్రయల్. 641 మంది మీద చేశారు. వాళ్లంతా క్లినిక్కుకు రాగలిగినవాళ్లే, మంచం మీద ఉన్నవాళ్లు అందులో లేరు. ఒంటి పనికి నూటికి మార్కులు వేసుకునే ఫారం ఒకటుంది. ట్రయల్లో చేరాలంటే 65 లేదా అంతకంటే తక్కువ రావాలి. కోలుకున్నారని రాయడానికి మొదట 85 ఉండాలనుకుని, తర్వాత దాన్ని 60కి దించారు. అంటే 65తో చేరినవాడు 60కి పడిపోయినా ఆ లెక్కన బాగుపడినట్టే! మా స్కూల్లో ఇలా మార్కులు వేస్తే తల్లిదండ్రులు ఊరుకునేవాళ్లు కాదు. ఆ అంకెలు బయటపెట్టమని ఒక రోగి పోరాడితే 2016లో ట్రిబ్యునల్ ఇప్పించింది. పాత కొలతతో మళ్లీ లెక్కేస్తే, వ్యాయామంతో కోలుకున్నవాళ్లు నూటికి 22 నుంచి 4కి పడిపోయారు. 2021 అక్టోబరులో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, 2007లో తానే సిఫార్సు చేసిన ఆ వ్యాయామ పద్ధతిని తీసేసింది. దాని మీద అక్కడి పెద్ద డాక్టర్లు కొందరు ఇప్పటికీ గుర్రుగానే ఉన్నారు, అది వేరే కథ.

నాకు మాత్రం ఇంకో పరీక్ష ముఖ్యం. మొహానికి మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తారు, ఊపిరిలో ఆక్సిజన్ కొలుస్తారు. ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ తొక్కిస్తారు. మామూలు మనుషులకు, కుర్చీ కదలని బద్ధకస్తులకు కూడా, రెండు రోజులూ దాదాపు ఒకటే వస్తుంది. మా బాపతు వాళ్లలో చాలామందికి రెండో రోజు పడిపోతుంది. నేను అడిగేది ఒక్కటే, ఆ రెండో రోజు యాక్టింగ్ చేసి ఆక్సిజన్ తగ్గించడం ఎవరి వల్లవుతుంది? మనసు జబ్బు అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

చుట్టాల సంగతి ఎత్తకూడదనుకున్నాను, ఆగలేకపోతున్నాను. ఒక పిన్ని సెలైన్ ఎక్కించుకోమంటుంది. ఒకావిడ దిష్టి అంటుంది. మా పెద్దమ్మ అయితే సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకోమంది, 32 కిలోమీటర్లు! అప్పన్న స్వామి మీద నాకు భక్తి లేక కాదు పెద్దమ్మా, సబ్‌మెరైన్ దాకా వెళ్లొస్తేనే జడ వేసుకోలేకపోయాను.

కారణం ఏమిటంటారా? వైరస్ పోయాక కూడా ఒంట్లో పోరాటం ఆగకపోవడమే అని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క వైరస్సే దోషి అనుకుని 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ మీద ఒక పరిశోధన పేపరు రాసి పెద్ద హడావిడి చేశారు, 2011లో ఆ పేపరే వెనక్కి తీసుకున్నారు. అదేమో ల్యాబులో కలిసిన మలినం. 2025లో డీకోడ్ ఎంఈ అనే పరిశోధన పదిహేను వేల మందికి పైగా రోగుల డీఎన్‌ఏ చూసి, జన్యువుల్లో తేడా ఉన్న ఎనిమిది చోట్లు పట్టుకుంది. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికీ, నరాలకూ సంబంధించినవి. టెన్షన్ జన్యువు దొరికిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

దీన్ని పోగొట్టే మందు లేదు. నిద్రకూ, నొప్పికీ, నిలబడితే వచ్చే కళ్లుతిరుగుడుకూ వేరేవేరుగా మందులిస్తారు, అవి వాడుకోవచ్చు. మిగతాదంతా ఆచితూచి ఖర్చు పెట్టుకోవడమే. నేను కూరలు స్టూలు మీద కూర్చుని తరుగుతాను, స్నానం ప్లాస్టిక్ కుర్చీలో చేస్తాను. గుండె వేగం చూపించే వాచీ పెట్టుకుని, అది నా హద్దు దాటితే చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేస్తాను. తలస్నానం చేసిన రోజు వంట మా ఆయనదే, సాంబారు బాగానే పెడతాడు. ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇద్దరు పిల్లలకు మంచం మీద నుంచే ట్యూషన్ చెప్తున్నాను.

మీ చెల్లెలికి ఒక నోటుబుక్ కొనివ్వండి. నిన్న ఏం చేసిందో ఎడం పేజీలో, ఇవాళ ఎలా ఉందో కుడి పేజీలో రాయించండి. ఈసారి డాక్టరు దగ్గరికి దాన్ని పట్టుకెళ్లండి. బాగాలేని రోజున ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి అది కూడా చూపించండి, వినేవాళ్లు వింటారు. వినకపోతే డాక్టర్ని మార్చండి, వైజాగ్‌లో డాక్టర్లకు కరువా!

షేక్ డబ్బాలు అమ్మే న్యూట్రిషన్ క్లబ్బు వాళ్లకు ముందే చెప్తున్నా, దయచేసి నాకు మెసేజ్ పెట్టకండి. రెండు డబ్బాలు కొన్నాను, ఒకటి సీలు కూడా తీయలేదు, కావాలంటే సగం ధరకిస్తాను.