45 పర్సంటైల్ వస్తే లెక్కలు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయిస్తే అంకెల సామర్థ్యంలో 45 పర్సంటైల్, ఆకారాలను ఊహించే సామర్థ్యంలో 62 పర్సంటైల్ వచ్చాయి. ఆసక్తుల ప్రశ్నపత్రం నింపేటప్పుడు తనకు తోచకపోతే నేనే పక్కన కూర్చుని సాయం చేశాను. లెక్కలు మాన్పించి డిజైన్ వైపు పంపమంటారా? వేలిముద్రల టెస్ట్ చేయిస్తే పుట్టుకతో వచ్చిన తెలివి కచ్చితంగా తెలుస్తుందని కొందరంటున్నారు. రెండింట్లో ఏది నమ్మాలి? - ఒక తల్లి

జవాబు: ఇప్పుడు దారి తప్పితే అమ్మాయి జీవితాంతం నష్టపోతుందని మీ భయం. ఆ సరైన దారేదో రిపోర్టులో రాసి ఉంటుందని మీ ఆశ. అది ఏ టెస్టులోనూ ఉండదమ్మా. ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో తమ తెలివితేటల పరీక్షను తయారుచేసింది బడిలో అదనపు సాయం ఎవరికి కావాలో గుర్తించడానికి. మీరేమో అలాంటి కొలతతోనే ఒక సబ్జెక్టు మాన్పించబోతున్నారు.

45 పర్సంటైల్ అంటే నూటికి 45 మార్కులు కాదు. ఆ వయసు పిల్లలు వందమందిలో 45 మంది కంటే మెరుగ్గా చేసిందని అర్థం. అంటే దాదాపు నడిమధ్యన ఉంది. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత దూరం పరుచుకుంటాయో చెప్పే కొలత) 15 ఉండే స్కేలు మీద చూస్తే 45 పర్సంటైల్ 98 దగ్గర, 62 పర్సంటైల్ 105 దగ్గర పడతాయి. తేడా ఏడు పాయింట్లే. ఎక్కువమంది మధ్యలోనే గుమిగూడి ఉంటారు కాబట్టి అక్కడ పర్సంటైల్ తేడాలు పెద్దవిగా కనిపిస్తాయి. అదే 95కీ 99కీ మధ్య పది పాయింట్లు ఉంటాయి.

పైగా విశ్వసనీయత (మళ్లీ రాస్తే ఫలితం ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.90 ఉన్న మంచి టెస్టులో కూడా ప్రతి స్కోరూ సుమారు 5 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. మీ అమ్మాయి ఒకదాంట్లో 93-103 మధ్య, రెండోదాంట్లో 100-110 మధ్య ఉందని చదువుకోవాలి. మళ్లీ రాస్తే తారుమారైనా ఆశ్చర్యం లేదు.

ఆసక్తుల పత్రం విషయంలో మాత్రం మిమ్మల్ని కోప్పడక తప్పదు. పక్కన ఎందుకు కూర్చున్నారు? 'పాడైన యంత్రాన్ని విప్పి చూడటం ఇష్టమా' అన్న ప్రశ్న దగ్గర మీరు కనుబొమ్మలు ముడిస్తే చాలు, పిల్ల పెన్ను 'కాదు' గడిలోకి జరిగిపోతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి చాలావరకు మీ ఆసక్తులే. తప్పొప్పులు లేవని చెప్పి, గదిలో ఎవరూ లేకుండా మళ్లీ నింపనివ్వండి. వచ్చిన ఫలితాన్ని కూడా సామర్థ్యంగా చదవకండి. ఇష్టం వేరు, చేయగలగడం వేరు.

ఇక వేలిముద్రల టెస్ట్. దీన్ని నేను సిఫార్సు చేయను. ఆ గీతలు గర్భంలోనే ఏర్పడతాయి, తర్వాత మారవు. అంతవరకు నిజమే. వాటిని లెక్కపెట్టి మెదడులో ఏ భాగం ఎంత చురుకో, పిల్లకు ఏ కోర్సు నప్పుతుందో చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదు. 'ఎన్నిసార్లు తీసినా ఒకే ఫలితం' అన్న మాటకు పడిపోకండి. తక్కెడ ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు చూపిస్తుంది, దానితో ఎత్తు చెప్పలేం కదా. ఏది కొలుస్తామంటున్నారో దాన్నే కొలుస్తున్నారా అన్నది అసలు పరీక్ష. దాన్నే సప్రమాణత అంటారు. అది తేలాలంటే, రిపోర్టు ఏ చదువు నప్పుతుందని చెప్పిందో, ఆ పిల్లలు తర్వాత ఆ చదువుల్లో నిజంగా రాణించారని చూపాలి.

మరి వేలిముద్రల రిపోర్టు చదివినవాళ్లకు 'అచ్చం మా పిల్లే' అని ఎందుకనిపిస్తుంది? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వివరణ ఇచ్చి, ఎవరిది వారిదేనని నమ్మించాడు. తమకు ఎంత సరిపోయిందో చెప్పమంటే సగటున 5కి 4.26 వేశారు. 'నీలో ఇంకా వాడని శక్తి ఉంది' లాంటి వాక్యం ఎవరికైనా సరిపోతుంది.

కాబట్టి మీ పోలికకు జవాబు చిన్నదే: మొదటిది పరిమితులున్న కొలత, రెండోది కొలతే కాదు.

అమ్మాయి చేత లెక్కలు మాన్పించకండి. మధ్యస్థమైన స్కోరు అందుకు కారణం కాదు, డిజైన్ వైపు వెళ్లినా కొలతలు, జ్యామితి వెంటే ఉంటాయి. గత రెండేళ్ల జవాబు పత్రాలు ముందేసుకుని, తప్పులు భావన అర్థంకాక వచ్చాయా, తొందరలో వచ్చాయా అన్నది టీచర్‌తో కలిసి చూడండి. టెస్ట్ పెట్టినవారిని మూడు అడగండి: ఏ వయసు, ఏ భాష పిల్లలతో పోల్చారు, ఆ నార్మ్స్ (పోలికకు వాడిన పిల్లల స్కోర్లు) ఏ సంవత్సరానివి, విశ్వసనీయత ఎంత. టెస్టుతో పాటు వచ్చే మాన్యువల్‌లో ఇవన్నీ ఉంటాయి. చూపించలేకపోతే ఆ 45నీ 62నీ కూడా లెక్కలోకి తీసుకోకండి.