జవాబు రాబట్టేదెలా?

ప్రశ్న: రేడియో కోసం ఇంటర్వ్యూలు రికార్డు చేస్తున్నాను. అతిథులు 'అవును', 'కాదు' అని ఊరుకుంటున్నారు. ఎడిటింగ్‌లో నా ప్రశ్న తీసేస్తే వాళ్ల మాటకు తలాతోకా ఉండటం లేదు. ఏం చేయాలి?

జవాబు: లోపం చాలావరకు ప్రశ్నలోనే ఉంటుంది. 'వరద వచ్చినప్పుడు భయపడ్డారా?' అంటే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 'నీళ్లు గడప దాటినప్పుడు ఏం చేశారు?' అనండి, చెప్పక తప్పదు. రెండు ప్రశ్నలు కలిపి వేయకండి. సులువైనదానికే జవాబిచ్చి రెండోది వదిలేస్తారు.

'నా ప్రశ్న ప్రసారంలో రాదు, విషయం కలిపి చెప్పండి' అని ముందే కోరండి. అంశాలు చెప్పొచ్చు గానీ ప్రశ్నలు ఇవ్వకండి, ఇస్తే బట్టీపట్టిన జవాబులొస్తాయి.

అన్నిటికన్నా కష్టమైనది మౌనం. జవాబు ముగిశాక మూడు నాలుగు సెకన్లు ఆగండి. అసలు మాట తరచూ అప్పుడే బయటికొస్తుంది. మధ్యలో 'ఊఁ', 'అలాగా' అనకండి. అవి అతిథి గొంతుమీద పడితే కత్తిరించలేం, తలూపితే చాలు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచితే 'ప', 'ఫ' శబ్దాలు పేలవు. చివర్లో 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్నీ రికార్డు చేయండి, అతుకులు కప్పడానికి పనికొస్తుంది.

ప్రత్యక్ష ప్రసారంలో మాత్రం ఇంత ఆగలేరు.