పాస్‌వర్డ్‌ల చీటీ ఒక్కటే సరిపోదు

మీరు అడిగినవి రెండు. మీ తర్వాత మీ ఆన్‌లైన్ ఖాతాలు ఇంట్లోవాళ్లు తెరవడానికి పాస్‌వర్డ్‌లన్నీ ఒక కాగితం మీద రాసి భార్య చేతికిస్తే చాలా అన్నది మొదటిది, అసలు ఈ మాట ఆవిడ దగ్గర ఎలా ఎత్తాలన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: చాలదు. కాగితం తప్పకుండా రాయండి, అయితే అందులో అన్నిటికంటే పైన మీ ఫోను లాక్ కోడ్ ఉండాలి.

మా పెద్దన్నయ్య హఠాత్తుగా పోయినప్పుడు తన ఖాతాల పనంతా నేనే చూశాను. అన్నయ్య చాలా పద్ధతైన మనిషి, డైరీలో పాస్‌వర్డ్‌లన్నీ వరసగా రాసి పెట్టుకున్నాడు. కానీ నా కంప్యూటర్ నుంచి లాగిన్ అవబోతే దాదాపు ప్రతిచోటా ఓటీపీ అడిగింది. అది వెళ్లేది తన ఫోనుకి. రోజూ వేలిముద్రతో తెరిచే ఫోను అది, ఆఫ్ అయి మళ్లీ ఆన్ అయ్యాక కోడ్ కొడితే తప్ప తెరుచుకోదు. ఆ కోడ్ వదినకి కూడా తెలీదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీలు అందాయి గానీ, అథెంటికేటర్ యాప్‌లో, అంటే సిమ్‌తో పని లేకుండా ఆ ఫోనులోనే కోడ్‌లు తయారుచేసే యాప్‌లో వచ్చేవి అందలేదు. సిమ్‌కి పిన్ పెట్టి ఉంటే ఆ కాస్త కూడా జరిగేది కాదు.

ఈలోగా బంధువులు కొందరు ‘ఇంకా ఆ నంబరెందుకు, తీసేయించండి’ అన్నారు. వదిన ససేమిరా అంది. ఆ నంబరు ఉండబట్టే అన్నయ్య మెయిల్ తెరవగలిగాం. ఒక బీమా పాలసీ ఉందన్న సంగతి ఆ మెయిల్లో వెతికాకే ఇంట్లోవాళ్లకి తెలిసింది. అందుకే గట్టిగా చెప్తున్నాను, పనులన్నీ తేలేదాకా నంబరు రద్దు చేయించొద్దని మీవాళ్ల కోసం రాసి పెట్టండి. రద్దయిన నంబర్లు కొంతకాలానికి కొత్తవాళ్ల చేతికి వెళ్తాయి, మీ ఖాతాల ఓటీపీలూ వాళ్లకే పోతాయి. వాట్సాప్ అయితే 120 రోజులు వాడకం లేకపోతే సాధారణంగా ఖాతానే తీసేస్తుంది.

ఇంకో సంగతి. మన పాస్‌వర్డ్‌తో వేరేవాళ్లు లోపలికి వెళ్లడాన్ని చాలా కంపెనీల నిబంధనలు ఒప్పుకోవు. పైగా పాస్‌వర్డ్ తెలిసినా తలుపు మూసుకుపోయే సందర్భాలున్నాయి. జర్మనీలో 2012లో చనిపోయిన ఒక టీనేజీ అమ్మాయి ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ వాళ్ల అమ్మ దగ్గరుంది. అప్పటికే ఆ ఖాతాను స్మారక ఖాతాగా, అంటే జ్ఞాపకంగా ఉంచి ఎవరూ లాగిన్ కాకుండా మూసేసే ఖాతాగా మార్చేయడంతో ఆ పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఖాతా వారసులకి చెందుతుందని ఆ దేశపు అత్యున్నత సివిల్ కోర్టు తేల్చేసరికి 2018 వచ్చింది. అంత దుఃఖంలో అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం ఏ కుటుంబానికీ రాకూడదు. కాబట్టి కంపెనీలే ఇచ్చిన ఏర్పాట్లు ఎక్కడున్నా, బతికుండగానే వాటిని వాడుకోవాలి.

ముందు గూగుల్ సంగతి చూడండి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలన్నా చాలామందికి దారి జీమెయిలే. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే సెట్టింగ్ ఉంది. ఖాతా ఎన్నాళ్లు కదలకపోతే చర్య తీసుకోవాలో మీరే చెప్పొచ్చు: 3, 6, 12 లేదా 18 నెలలు. పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఎవరికి ఏది అందాలో విడివిడిగా ఎంచుకోవచ్చు, ఒకరికి ఫొటోలు, ఇంకొకరికి మెయిల్ అన్నట్టు. గడువు ముగిసే ముందు మీకే హెచ్చరికలు వస్తాయి, కాబట్టి మీరుండగానే ఎవరికో పోతుందని టెన్షన్ అక్కర్లేదు. సమాచారం అందాక దాన్ని దించుకోవడానికి వాళ్లకి 3 నెలలు టైముంటుంది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. ఇంట్లోవాళ్లు మీ ఫోను ఆన్‌లో ఉంచి వాడుతుంటే ఖాతా ఇంకా నడుస్తున్నట్టే లెక్క, గడువు మొదలే కాదు. ఈ ఏర్పాటేదీ లేకుండా వదిలేస్తే, 2 ఏళ్లు కదలిక లేని వ్యక్తిగత ఖాతాను ఫొటోలతో సహా తొలగించే హక్కు గూగుల్‌కి ఉంది. 2023లో ఈ నియమం పెట్టారు.

ఐఫోన్ వాడుతుంటే ‘లెగసీ కాంటాక్ట్’ పెట్టుకోండి, అంటే మీ తర్వాత మీ ఖాతా చూసుకునే మనిషి. అయిదుగురి దాకా పెట్టొచ్చు. మీరిచ్చే యాక్సెస్ కీ, మరణ ధ్రువపత్రం రెండూ చూపిస్తే వాళ్లకి ఐక్లౌడ్‌లోని (ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వలోని) ఫొటోలు, నోట్సు వగైరా 3 ఏళ్లపాటు అందుబాటులో ఉంటాయి. దాచిన పాస్‌వర్డ్‌లు, కొన్న సినిమాలు, పాటలు మాత్రం రావు. ఐక్లౌడ్‌లోకి వెళ్లకుండా ఫోనులోనే ఉండిపోయిన ఫొటోలుంటే, లాక్ కోడ్ తెలియకపోతే అవి పోయినట్టే. ఆ కోడ్‌ను ఆపిల్ కూడా తీసివ్వలేదు, ఫోను మొత్తం చెరిపేయాల్సిందే.

ఫేస్‌బుక్‌లోనూ లెగసీ కాంటాక్ట్ ఉంది, కానీ ఆ వ్యక్తి చేయగలిగేది తక్కువ. పైన ఒక సందేశం పెట్టొచ్చు, ప్రొఫైల్ ఫొటో మార్చొచ్చు, ఖాతా తీసేయమని అడగొచ్చు. మీ మెసేజీలు చదవలేరు. నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది. మన మెసేజీల్లో స్నేహితులు మనల్ని నమ్మి చెప్పుకున్న మాటలుంటాయి, మనం పోయినంత మాత్రాన అవి ఇంకొకరివి అయిపోవు. మీ కాగితంలో ‘ఇవి ఉంచండి’ అన్న వరస పక్కనే ‘ఇవి చదవకుండా తీసేయండి’ అన్న వరస కూడా ఉండాలి. మాకు అన్నయ్య ఇష్టమేమిటో తెలియక చాలా చోట్ల చేతులు ఆడలేదు.

నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ల జాబితా ఒకటి రాయండి. క్రిప్టో కరెన్సీ సొంత వాలెట్‌లో ఉంటే, దాన్ని తిరిగి తెరిచే రికవరీ పదాలు ఎక్కడున్నాయో చెప్పండి, అవి పోతే తిరిగి తెచ్చిపెట్టే సంస్థంటూ ఉండదు. ఇవేవీ వీలునామాలో రాయొద్దు, అది నలుగురి చేతుల్లోకి వెళ్లే పత్రం. పాస్‌వర్డ్‌లు తరచూ మారుతుంటాయి కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్, అంటే అవన్నీ ఒకేచోట భద్రంగా దాచే యాప్ వాడటం మేలు. బిట్‌వార్డెన్ లాంటివాటిలో అత్యవసర యాక్సెస్ అని ఉంటుంది. మీరు నియమించిన మనిషి అడిగాక, మీరు పెట్టిన గడువులోగా మీరు కాదనకపోతే తెరుచుకుంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ‘నేను పోతే’ అని మొదలుపెట్టకండి, ఆవిడ ఆ మాట దగ్గరే ఆగిపోతారు. ‘నీ ఫోను పోయినా, నువ్వు ఆస్పత్రిలో పడినా నీ ఫొటోలు నేనెలా తీయాలి?’ అని ఆవిడ ఖాతాలతో మొదలుపెట్టండి. ఒక సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మీ ఫోనులో ఆవిడ పేరు, ఆవిడ ఫోనులో మీ పేరు ఎక్కించండి. వదినా నేనూ ఇలాగే చేసుకున్నాం. ఒకరికొకరు చేసుకునే పని కాబట్టి మాట ఎత్తడం అంత కష్టమనిపించలేదు.